తలుపు పిడితో కరచాలనం

"కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఫైనల్‌కి పెళ్ళి సూటేంటి, నెవిల్? నీ పిచ్చి తగలెయ్య!" అని నవ్వుతూ భార్య మోరీన్ రాత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇంట్లో నెవిల్ ఒక్కడే మిగిలాడు.

అట్టడుగున ఉన్న తమ ఊరి జట్టును ఆ ఆటలో మేనేజరుగా ఏళ్ళ తరబడి పైకి లాక్కొచ్చి, ఈ రాత్రి కప్పు గెలిపించాడు. ఛాతీ ఉప్పొంగింది.

ఆట ముగిశాక అవతలి జట్టు మేనేజరుతో చెయ్యి కలపాలి. కంప్యూటర్లో ఆడేవాళ్ళకు ఆయనెక్కడ దొరుకుతాడు? గది తలుపు పిడినే చెయ్యి అనుకుని ఊపుతారు.

"మీవాళ్ళూ బాగా ఆడారండీ," అంటూ నెవిల్ దర్జాగా పిడి పట్టుకున్నాడు.

పిడి వెచ్చగా ఉంది. అతను ఊపకముందే అవతల నుంచి ఎవరో మెల్లగా ఊపారు.

చెయ్యి లాక్కోబోయాడు. కానీ గెలిచినవాడే ముందు చెయ్యి వదిలేస్తే పరువేం కావాలి? నెవిల్ గడ్డం పైకెత్తి, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.