ఫారంలో లేని దారి

"గాలి పోయిందా?" అని హెడ్ సిస్టర్ నాలుగోసారి అడిగింది, వార్డంతా వినపడేలా.

మంచం మీది పేషెంటు దుప్పటిని గడ్డం దాకా లాక్కుని, లేదన్నట్టు తలూపాడు. బట్టల షాపులో సేల్స్‌మన్ ఆయన. పొద్దున పెద్దపేగులోకి గొట్టం పంపి పరీక్ష చేశారు. ఇప్పుడు నొప్పి లేదు, ఉబ్బరం లేదు, హాయిగా ఉన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

ఆ పరీక్షకి పేగు విచ్చుకోవాలంటే లోపలికి గాలి కొట్టాలి. ఇన్నాళ్ళూ మామూలు గాలే కొట్టేవారు. ఆ తర్వాత పేషెంట్లు ఉబ్బిన పొట్టలు పట్టుకుని గంటలకొద్దీ మూలిగేవారు. వాళ్ళని చూడలేక కడుపు డాక్టరు ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగి, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఒకటి తెప్పించుకున్నాడు. ఆ గ్యాసు ఇట్టే రక్తంలో కలిసి ఊపిరితో బయటికి వెళ్ళిపోతుంది. ముందు ఒక్క పేషెంటు మీద వాడి చూపించమన్నాడు సూపరింటెండెంటు. మామూలు గాలికన్నా మేలనిపిస్తే సరే, లేదంటే సాయంత్రానికల్లా సిలిండరు వెనక్కేనని తేల్చేశాడు.

"ఆయనకి బాగానే ఉంది సిస్టర్, పంపించెయ్యండి" అన్నాడు డాక్టరు.

"కింది నుంచి గాలి పోతేనే పంపాలి సార్. ఫారంలో ఉంది."

"ఆ గాలి ముక్కులోంచి ఎప్పుడో పోయింది."

"ఫారంలో ఆ దారి లేదు సార్."

ఆ గడిలో ఆమె టిక్కు పెట్టందే ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఆ గడప దాటలేదు. పొద్దున మామూలు గాలి కొట్టించుకున్న ఇద్దరూ మూలుగుతూ మూలుగుతూనే ఆ పని కాస్తా కానిచ్చి ఇళ్ళకు పోయారు. సుఖంగా ఉన్నవాడికి మాత్రం మంచం దిగే యోగం లేదు. డాక్టరుకి ఒళ్ళు మండింది, ఆ వెంటనే భయమూ వేసింది. కొత్త గ్యాసు పేషెంటే అందరికన్నా ఆలస్యంగా వెళ్ళాడని పైకి తెలిస్తే సిలిండరుకి నీళ్ళొదులుకోవాల్సిందే.

సిస్టర్ మందుల గదిలోకి వెళ్ళడం చూసి, డాక్టరు మంచం మీదికి వంగాడు. ఈసారి అడిగితే పోయిందని ఒక్క ముక్క చెప్పమని బతిమాలాడు.

"రంగు పోదని రోజుకి వందమందికి చెబుతాను. గాలి పోయిందని చెప్పలేనా సార్?" అన్నాడు పేషెంటు.

సిస్టర్ వచ్చింది, అడిగింది. పోయిందన్నాడు. ఆమె మొహంలో నమ్మకం కనపడకపోయేసరికి ఆయనకి బేరం చేజారుతున్నప్పటి కంగారు పట్టుకుంది. ఒకసారి కాదు, ఐదుసార్లన్నాడు. ఇంకా పోతూనే ఉందన్నాడు. ఇంతసేపూ పొట్ట బిగుసుకుపోయి ప్రాణం మీదికొచ్చిందని, మొహమాటం కొద్దీ చెప్పలేదని, ఇప్పుడే కాస్త తేలికపడిందని కూడా కలిపాడు. డాక్టరు చాలు చాలని సైగలు చేస్తూనే ఉన్నాడు. సిస్టర్ పొల్లుపోకుండా రాస్తూనే ఉంది.

పది నిమిషాల్లో పేషెంటు చెప్పులేసుకుని చక్కా పోయాడు. ఎలాగైతేనేం గండం గడిచిందనుకుని డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం సూపరింటెండెంటు పిలిపించాడు. ముందున్న మూడు ఫారాలనీ రెండేసి సార్లు చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"మామూలు గాలి వాళ్ళిద్దరికీ ఒక్కోసారే పోయిందయ్యా" అన్నాడు. "ఆ సిలిండరు వెనక్కి పంపించెయ్."