ఎనభై ఆరో పేజీ

పుస్తకాల షాపులో కిటికీ పక్క స్టూలు మాస్టారిది. కాలేజీలో రిటైరైన మర్నాటి నుంచీ అది ఆయనదే. వచ్చినవాళ్ళు ఏం కొనాలో కాదు, ఏం కొనకూడదో చెప్పడం ఆయన పని. ఆ పని ఆయనకెవరూ అప్పజెప్పలేదు.

ఆ శనివారం షాపావిడ ముందే చెప్పేసింది. సాయంత్రానికి కింది అర ఖాళీ చేస్తుందట. ఏళ్ళ తరబడి కదలని పుస్తకాలన్నీ తూకానికి వెళ్ళిపోతాయట.

"ఆ ఆకుపచ్చ అట్ట పుస్తకం ఆరు కాపీలున్నాయి మాస్టారూ. ఇన్నాళ్ళూ మీ మొహం చూసి ఊరుకున్నా. ఇవాళ ఒక్కటి అమ్ముడుపోయినా మిగతావి ఉంచుతా."

ఎలక్ట్రానిక్స్ మీద చదవదగ్గ పుస్తకం ప్రపంచంలో అదొక్కటేనని ఆయన లెక్క. అది పాత కాయితాల బండెక్కడం ఆయన చూడలేడు.

నాలుగింటికి ఒక అమ్మాయి వచ్చింది. వీపున గిటారు, వేళ్ళ మీద టంకం వేసేటప్పుడు కాలిన మచ్చలు. గిటారుకి పెడల్స్ తయారుచేయడానికి ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలి, ఏ పుస్తకం మంచిదని అడిగింది.

మాస్టారు స్టూలు దిగాడు. పెడలంటే ఏమిటన్నాడు.

కాలితో నొక్కే చిన్న డబ్బా అనీ, గిటారు శబ్దాన్ని గరగరలాడిస్తుందనీ అమ్మాయి చెప్పింది. ఒకటి తనే చేసిందట. బ్రహ్మాండంగా పలుకుతోందట. ఎందుకు పలుకుతోందో మాత్రం తెలియదట.

"గరగర పోగొట్టడమెలాగో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. నువ్వు గరగర కోసం పుస్తకం కొంటానంటావు. మిక్సీ పక్కన కూర్చుని వాయించుకో తల్లీ, పుస్తకం ఖర్చు కూడా ఉండదు."

అమ్మాయి నవ్వింది. అరలోంచి ఒక పుస్తకం తీసింది. మాస్టారు లాక్కున్నాడు. నిండా రంగుల బొమ్మలు. పెళ్ళి ఆల్బమ్‌లా ఉందని పక్కన పడేశాడు. రెండోది ఇటుకంత లావుంది. అన్నీ లెక్కలే, రాసినవాడికైనా అర్థమై ఉండదన్నాడు. మూడోదాన్ని కళ్ళద్దాలు పైకి తోసి మరీ చూసి, ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు.

"చూడు. రెసిస్టర్ విలువలో సున్నా మింగేశాడు. దీన్ని చూసి చేసినవాళ్ళ గతేంటి? ఇలాంటివాళ్ళని పెన్ను ముట్టుకోనివ్వకూడదు."

"మరేది కొనమంటారు సార్?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆయన కింది అర ముందు వంగాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. ఆకుపచ్చ పుస్తకం తీసి, దుమ్ము తన చొక్కాకే తుడిచాడు. ఇందులో అక్షరం కూడా వృథాగా ఉండదన్నాడు. ఎనభై ఆరో పేజీలో యాంప్లిఫైయర్‌ని చెప్పింది చెప్పినట్టు చేస్తే శబ్దం కడిగిన అద్దంలా వస్తుందన్నాడు. పుస్తకం చేతిలోంచి వదలకుండానే ఆ పేజీ తెరిచి పట్టాడు.

అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది నా దగ్గరుంది సార్. మా హాస్టల్ అటక మీద దొరికింది. అట్టల్లేవు, మొదటి పేజీల్లేవు, పేరేంటో కూడా తెలీదు. నా పెడల్ ఈ బొమ్మ చూసి చేసిందే."

మాస్టారి మొహం వెలిగింది. "చూశావా మరి. ఎంత శుభ్రంగా పలికిందో."

"శుభ్రమా? రంపంతో రేకు కోసినట్టుంది సార్. అలాంటి గరగర ఏ కంపెనీ డబ్బాలోనూ లేదు. మా వాళ్ళ బ్యాండ్లన్నీ అదే కావాలని నా ప్రాణం తీస్తున్నాయి. ఇందులో తప్పెక్కడుందో పట్టుకుందామనే ఇవాళ వచ్చా."

మాస్టారి వేలు బొమ్మ మీద నెమ్మదిగా పాకింది. ఒక రెసిస్టర్ దగ్గర ఆగిపోయింది. అక్కడ సున్నా ఒకటి ఎక్కువుంది. శబ్దాన్ని ఉండాల్సినదానికి పదింతలు పెంచి చీల్చేసే సున్నా.

అమ్మాయి ఆరు కాపీలూ తనకే కావాలంది. బ్యాండ్‌కొకటి పంచుతుందట. షాపావిడ అప్పటికే పురికొస వెతుకుతోంది.

"ఇది రాసినాయన ఎక్కడుంటారో తెలుసా సార్? ఇంకెక్కడెక్కడ తప్పులు రాశారో అడిగి తెలుసుకోవాలి."

షాపావిడ చెయ్యి ఆగింది. ఆవిడ మాస్టారి వైపు చూసింది.

"ఆయన పోయి చాలా కాలమైందమ్మా" అని మాస్టారు, వెనక అట్ట మీద నల్లటి జుట్టుతో నవ్వుతున్న తన ఫొటోని అరచేత్తో కప్పేశాడు.