పిల్లి తర్వాతి పేరు

ఆ సాయంత్రం కూడా భార్య ప్రార్థనలో అతని పేరు రాలేదు.

డ్రైవరు గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని చెవులు రిక్కించి విన్నాడు. పొద్దు వాలేవేళకు ముందుగదిలో కుటుంబ ప్రార్థన ఆ ఇంట్లో తప్పనిది. కూతురు పాట ఎత్తుకుంది. అత్తగారు పాట సగంలోనే ఓ కునుకు తీసి, ‘ఆమేన్’ దగ్గర మాత్రం అందరికన్నా గట్టిగా అందుకుంది. మధ్యలో భార్య ఎప్పటి వరసలోనే అందరినీ దేవుడికి అప్పగించింది. వాళ్ళమ్మ కీళ్ళనొప్పులు, కూతురు రేపు రాయబోయే లెక్కల పరీక్ష, అద్దె పెంచుతానంటున్న ఇంటి ఓనరు మనసు, పక్కింటివాళ్ళ కుంటి పిల్లి. అక్కడితో సరి.

పిల్లి తర్వాత రావలసింది అతని పేరే.

ఒకప్పుడు ఈ వరస మీద అతను ఆమెను తెగ ఆటపట్టించేవాడు. కట్టుకున్న మొగుణ్ణి పిల్లి తర్వాత పెడతావా అనేవాడు. చివర చెప్పిందే దేవుడికి బాగా గుర్తుంటుందని ఆమె నవ్వేది. అసలామెకు ప్రతిదానికీ ప్రార్థనే. అన్నం ముందంటే సరే, బీరువా తాళం కనబడకపోయినా కళ్ళు మూసుకునేది. పాపం, ఆయన్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వవే అని అతను గొణిగేవాడు. అత్తగారు ఇంకో అడుగు ముందు. ఒకసారి, ఎప్పుడో పోయిన మామగారి దగ్గు తగ్గించమని అడగబోతే భార్య మోచేత్తో పొడిచింది.

“పోయినవాళ్ళ కోసం చెయ్యకూడదమ్మా. నాన్న ఇప్పుడు దేవుడి దగ్గరే ఉన్నాడు.”

“ఉంటే ఉన్నాడు. దగ్గు వదిలిందని నీకెవరు చెప్పారు?”

ఇల్లంతా పడీ పడీ నవ్వారు. కానీ వాళ్ళ సంఘంలో అది గట్టి పట్టింపు. అత్తగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ నవ్వులన్నీ మరదలి పెళ్ళి ప్రయాణంతో ఆగిపోయాయి. వ్యాను దగ్గర నిలబడి ప్రయాణ ప్రార్థన చేసుకుందాం, ఒక్కసారి దిగండని భార్య పిలిచింది. అప్పటికే ఆలస్యమైందని అతను చిరాకు మీదున్నాడు.

“నీ ప్రార్థన అయ్యేసరికి అక్కడ పెళ్ళి అయిపోతుంది. ఎక్కు.”

ఆమె ప్రార్థన చెయ్యకుండానే ఎక్కింది. ఆమె ప్రార్థనలో అతని పేరు మళ్ళీ వినబడలేదు.

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టదు. పిలిస్తే పలకదు. టీ కలిపి ముందు పెడితే అలాగే చల్లారిపోయేది. కూతురూ తల్లి పక్షమే. సాయంత్రమైతే చాలు, ముగ్గురూ ముందుగదిలో చేరి దేవుడితో మాట్లాడతారు, అతనితో మాట్లాడరు. ఆ లెక్కల పరీక్ష కూడా ఎప్పుడు విన్నా రేపే. అతనికి తిండి సయించడం లేదు. ఎడమ మోకాలు సరిగా వంగడం లేదు. అతను బండి నడిపే షెడ్డు ఓనరు పనిలోకి రమ్మని కబురు చేస్తే ఆ మోకాలే చూపించి తప్పించుకున్నాడు. తన పేరు ఒక్కసారి ఆమె నోట వింటే చాలు, కంటినిండా నిద్రపోవచ్చనిపించేది. దాంతోపాటు భయమూ వేసేది. ఆమె వదిలేసిన పేరును దేవుడు మాత్రం ఎందుకు పట్టుకుంటాడు?

మర్నాడు పాస్టరుగారు చూడవచ్చారు. తిన్నగా వెళ్ళి అత్తగారి పడక్కుర్చీలో కూర్చున్నారు. అందులో ఇంకెవరైనా కూర్చుంటే ఇల్లు పీకి పందిరేసే మనిషి ఆ పూట కిమ్మనలేదు. తింటున్నావా, పడుకుంటున్నావా అని ఆయన అడిగారు. అన్నిటికీ తలూపి, చివరికి ఉండబట్టలేక డ్రైవరు బయటపడ్డాడు.

“ఆవిడ నా కోసం ప్రార్థన చెయ్యడం మానేసిందండీ. రోజూ వింటున్నాను. పిల్లి దాకా వచ్చి ఆపేస్తోంది.”

పాస్టరుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. సంఘమంతా నీ కోసం చేస్తూనే ఉంది కదా అన్నారు. అది చాలదన్నాడతను.

“ఎవరో చెయ్యాలని ఎందుకు కూర్చుంటావు తమ్ముడూ? సంతోషమొస్తే పాడతాం, కష్టమొస్తే అడుగుతాం, తప్పు చేస్తే ఒప్పుకుంటాం. మాట రాకపోతే మూలిగినా చాలు, ఆయనకు వినబడుతుంది. ఆ రోజు వ్యాను దగ్గర చెయ్యలేదని ఇప్పుడు చెయ్యకూడదని ఏం లేదు.”

“నాకు చేతకాదండీ.”

“ఆవిడ చేసినట్టే చెయ్యి.”

ఆయన వెళ్ళేసరికి గదిలో వెలుతురు తగ్గింది. పాట ఇంకా మొదలవలేదు. తన కోసమే ఆగారనిపించింది డ్రైవరుకు. గోడ పట్టుకుని, నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకుంటూ, పెళ్ళయ్యాక మొదటిసారి ఆ గదిలో మోకరించాడు. ముందుగా, ఎక్కమన్న ఆ ఒక్క మాటకు క్షమించమన్నాడు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

తర్వాత ఆమె వరసే అందుకోబోయాడు. అత్తగారి పేరు నాలుక మీదికి వచ్చి ఆగింది. కూతురి పేరూ ఆగింది. తన వరసలో భార్య ఎన్నడూ చెప్పుకోని ఆమె పేరు కూడా పెదవుల దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

పోయినవాళ్ళ కోసం చెయ్యకూడదు కాబట్టి, నుజ్జయిన తన వ్యానులోంచి తీసి పక్కపక్కనే సమాధి చేసిన ఆ ముగ్గురి పేర్లనూ దిగమింగుకుని, ఇంటి ఓనరునీ కుంటి పిల్లినీ దాటి, చివర్న తన పేరు తనే చెప్పుకున్నాడు.