నరేందర్ సార్ అడ్మిషన్లు

సెమిస్టర్ ఆఖరి పరీక్ష అయిపోయిన మధ్యాహ్నం, మిర్యాలగూడలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబు బిర్యానీ వాసనతో నిండిపోయింది.

మైక్రోస్కోపులన్నీ బీరువాలోకి వెళ్లిపోయాయి. బల్లల మీద పేపరు ప్లేట్లు, కోదాడ నుంచి అరుణకుమారి మేడం చేసుకొచ్చిన గారెలు, మధ్యలో కేకు.

రేపటి నుంచి సెలవులు. లెక్చరర్లూ, వాళ్ల స్నేహితులూ కలిసి ఇరవై మందికి పైగా చేరారు.

అందరిలోకీ హుషారుగా ఉన్నది బోటనీ చెప్పే నరేందర్. ఉండడా మరి.

బోటనీ కోర్సు నిలబడాలంటే ఏటా ఇరవై మంది కొత్తగా చేరాలి. ఒక్కరు తగ్గినా కోర్సు ఎత్తేస్తారు, దానితో పాటే నరేందర్ ఉద్యోగమూ పోతుంది. అందుకే సెలవులని పేరే గానీ, లెక్చరర్లంతా కరపత్రాలు పట్టుకుని ఎండలో ఊళ్లు తిరుగుతారు.

మిగతావాళ్లు చెప్పులరిగేలా తిరిగితే ఇద్దరో ముగ్గురో దొరుకుతారు. నరేందర్ మాత్రం నిడమనూరు దగ్గరి ఒక తండాకు ఒక్కపూట వెళ్లి, టీ తాగి, అరగంట మాట్లాడి వస్తాడు. మూడేళ్లుగా ఆ ఒక్క తండా నుంచే ఏటా ఏడెనిమిది మంది ఆడపిల్లలు వచ్చి చేరుతున్నారు.

"నరేందర్ గారి మాటలో ఏదో మహిమ ఉందండీ," అంది అరుణకుమారి, అతని ప్లేటులో ఇంకో గారె వేస్తూ.

"మహిమ గిహిమ ఏం లేదు మేడం. మనల్ని చూస్తే తల్లిదండ్రులకు నమ్మకం కలగాలె, గంతే."

ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి.

ప్రిన్సిపాల్ శ్రీధర్ మురిసిపోయి కేకు కోసే కత్తి అతని చేతికే ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒకామె కనిపించింది. అరవై ఏళ్లుంటాయి. తలుపు పట్టుకుని ఆయాసపడుతోంది. బోటనీ సారు ఎవరని అడిగింది.

"నేనే. చెప్పమ్మా."

"ప్రాక్టికల్సు పొద్దుగాల పెట్టరాదు సార్? అయిదింటి దాక పెడితే, పిల్లలు తండాకు వచ్చేటాలకు చీకటైతున్నది."

ఏ పిల్ల తల్లో, బిడ్డ ఎగ్గొట్టిన ప్రాక్టికల్సుకు సాకు చెప్పడానికి వచ్చిందనుకున్నాడు నరేందర్.

టైంటేబుల్ వేసేది అతనే. ప్రాక్టికల్సును సాయంత్రానికి తోసిందీ అతనే. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు కునుకు తీయకపోతే అతనికి తోచదు. మార్చాలంటే కాగితం మీద ఒక్క గీత చాలు.

కానీ అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని కేకు కోసం చూస్తున్నారు.

నరేందర్ చెడ్డవాడేం కాదు. ఆమెను కూర్చోమన్నాడు, బిర్యానీ పెట్టించబోయాడు. తినే వచ్చాననీ, ఏదో ఒక మాట చెబితే వెళ్లిపోతాననీ అంది ఆమె.

"సెలవులు అయినంక సూద్దాం. జూన్‌ల రా అమ్మా."

"జూన్ దాక ఆగితే ఎట్ల సార్? తండాల అందరు ఇప్పుడే అడుగుతున్నరు."

"ఏం పరేషాన్ గాకు. నేనున్న గద."

ఆమె మెల్లగా వరండా వెంట వెళ్లిపోయింది. ఆమె పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. కేకు మాత్రం బాగుందన్నారు.

మే నెలాఖరున నరేందర్ బైకు తీశాడు. మిగతా ఊళ్లలో పదమూడు మంది కుదిరారు. ఇంకా ఏడుగురు కావాలి. ఏడుగురు అతనికొక లెక్కా?

తండాలో బాల్యా టీ ఇచ్చాడు. మూడేళ్ల కిందట కూతురిని కాలేజీలో చేర్పించిన మొదటి తండ్రి అతను. నరేందర్ తన అరగంట ఉపన్యాసం పూర్తి చేశాడు. బాల్యా మర్యాదగా అంతా విన్నాడు.

"ఈసారి ఎవ్వరు రారు సార్. తొమ్మిది మంది పిల్లలను కోదాడల హాస్టలున్న కాలేజీల చేర్పించినం. మొన్ననే దించి వచ్చినం."

తొమ్మిది మంది! ఇక కోర్సు పోయినట్టే, ఉద్యోగమూ పోయినట్టే.

"మూడేండ్ల సంది నా మాట మీదనే పంపిన్రు గద బాల్యా. ఇప్పుడేమైంది?"

బాల్యా కాస్త మొహమాటపడ్డాడు.

"మీ మాట మీద గాదు సార్. చాందీ మాట మీద."

"చాందీ ఎవరు?"

"పరీక్షలు అయిపోయిన నాడు మీ తానకు వచ్చింది గద. మార్చిల కాలిరిగింది ఆమెకు. సారు పొద్దుగాల పెడతనంటె పిల్లలను పంపుండ్రి, లేకుంటె ఇగ నాతోని కాదు అని మాకు చెప్పి, కుంటుకుంట బయలెల్లింది."

నరేందర్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రోజు తను అన్న మాటలు తనకే సిగ్గనిపించాయి. టైంటేబుల్ రేపే మారుస్తానన్నాడు.

"మార్చుండ్రి సార్. ఇప్పుడు చదువుతున్న పిల్లలకైన పనికొస్తది," అన్నాడు బాల్యా.

ఆమె ఇంటికి వెళ్లి స్వయంగా చెబుతానంటూ నరేందర్ లేచాడు. రెండడుగులు వేసి, ఖాళీ చేతులతో వెళ్లలేక మళ్లీ ఆగాడు.

"ఆమె బిడ్డ ఏ ఇయర్ల ఉన్నది బాల్యా? ఆ పిల్లకు నేనే దగ్గరుండి చదువు చెప్త."

"చాందీకి పిల్లల్లేరు సార్," అన్నాడు బాల్యా. "మూడేండ్లు దినాం పొద్దుగూకంగ మూడు కిలోమీటర్లు నడిచి రోడ్డు మీదికి పోయి, ఆఖరి ఆటో వచ్చేదాక నిలబడి, మా పిల్లలందర్ని ఇండ్లకు తోలుకొచ్చింది ఆమెనే."