తూర్పు గోడ

గడ్డపార ఓదెలు ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గల్లీలో నిలబడ్డ అందరికీ వినపడింది.

"నా గోడ ముట్టుకోనీకి నువ్వెవడివిరా? చంపేస్త నీయమ్మ!" మహేందర్ గడ్డపార మళ్లీ ఎత్తాడు.

పాతబస్తీ జహనుమాలో నాలుగు తరాలుగా పాలమ్మే ఇల్లు మహేందర్‌ది. పక్కనే పద్దెనిమిది అడుగుల వెడల్పున్న ఇరుకు జాగాలో ఈకాలపు చిత్రకళకు మ్యూజియం కడుతున్నారు. ఓదెలు దాని మేస్త్రీ. ఇందాకే అతని మనుషులు ఆ జాగాకు తూర్పున ఉన్న మహేందర్ బర్రెల కొట్టం గోడను పడగొట్టారు. డంగుసున్నంతో తాతలు కట్టిన గోడ! కింద చూడిబర్రె నలిగి చచ్చింది. దాని ముక్కులోంచి నెత్తురు ఇంకా కారుతోంది.

"మేడమే ఫోన్ జేసి తూర్పు గోడ కొట్టేయ్ అన్నదన్నా! మీతోని మాట్లాడే ఉంటదనుకున్న," ఓదెలు రాళ్ల మీద పాకుతూ ఏడ్చాడు.

"అంటదిరా, ఎందుకనది! జాగ సాలదని మొదటి దినమే మొత్తుకున్నది గద!"

ఆ మేడం షారోన్, కంచన్‌బాగ్ అమ్మాయి, మ్యూజియం ఆర్కిటెక్ట్. రెండు నెలలుగా టేపు పట్టుకుని ఈ గోడ చుట్టూనే తిరిగింది. చేత్తో నిమిరింది, వేళ్లతో తట్టి చూసింది. "ఇది ఎంత బరువు మోస్తదన్నా?" అని ఆరా తీసింది. పిచ్చి మాలోకం మహేందర్, మురిసిపోయి చాయ్ కూడా తాగించాడు. ఈ గోడను ఆనుకుని వాళ్లు అడుగున్నర మందం కొత్త గోడ కట్టాలట. అది కడితే లోపల బొమ్మలకు చోటెక్కడిది? అందుకే పాతదానికి ఎసరు పెట్టింది. ఆ సంగతి తలుచుకునేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది. ఓదెలు డొక్కలో తన్నాడు.

"వద్దు బిడ్డా, సస్తడు!" అని తల్లి రుక్మాబాయి అడ్డం వస్తే ఆమెనూ తోసేశాడు.

అప్పుడే ఆటో ఆగింది. షారోన్ దిగింది.

"రా! కడుపు నిండిందా? ఎంత జాగ గావాల్నో కొలుచుకో!"

షారోన్ గోడ లేని చోటు చూసి అక్కడే కూలబడింది. సున్నపు పెళ్లలను రెండు చేతులా దగ్గరికి తీసుకుంటూ బావురుమంది. దొంగ ఏడుపు, అనుకున్నాడు మహేందర్.

"తూర్పు గోడ కొట్టేయమన్నవ్ గద మేడం?" ఓదెలు మూలిగాడు. "చెప్పుండ్రి, లేకుంటే నన్ను సంపుతడు."

"అన్న. నేనే అన్న."

గడ్డపార ఆమె భుజం మీద దిగింది. షారోన్ రాళ్లలో బోర్లా పడింది. నోట్లో మట్టి, నెత్తురు. మాట కూడదీసుకుని ఓదెలు వైపు తల తిప్పింది.

"ఈ పాత గోడే బరువు మోస్తదని, కొట్టేయమన్నది కాగితం మీది కొత్త గోడనన్నా!"