మాస్టారి పాత పియానో

"ముట్టుకోకు!"

అబ్దోన్ మాస్టారు అరిచిన అరుపుకి వంటింట్లో సోయ్‌లమ్మ చేతిలో గరిట కిందపడింది. ఆయన కుడిచెయ్యి అప్పటికే ఫౌస్తో మణికట్టును పట్టేసుకుంది. పియానో మెట్టు మీద వాలబోయిన వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఒక్కసారి నొక్కితే అరిగిపోతుందా మాస్టారూ? మార్పిడికి ఇచ్చేముందు పనిచేస్తోందో లేదో చూడొద్దూ?"

"నా పియానో మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. కావాలంటే మీ అత్తనడుగు."

గ్వయాకిల్ పట్నం రేవు వీధిలో సోయ్‌లమ్మ హోటల్‌కి ఆదివారం మధ్యాహ్నం జనం రెండింటికోసం వస్తారు. ఒకటి ఆవిడ వండే మేకమాంసం కూర, రెండోది అబ్దోన్ మాస్టారి పాత విరహగీతాలు. ఈ జనవరి నుంచి ఆవిడ మేనల్లుడు ఫౌస్తో పెత్తనం మొదలైంది. కొత్త పెత్తనం ఊరుకుంటుందా? గల్లాపెట్టె మారింది, కుర్చీలు మారాయి, ఇప్పుడు మాస్టారి పాత డిజిటల్ పియానో వంతు వచ్చింది. కొత్త మోడల్ ఒకటి పరీక్షకని పొద్దున్నే దిగి, గోడవారగా నిగనిగలాడుతోంది. నాలుగింటికి షాపు వ్యాను వస్తుంది. అత్త ఏది వద్దంటే దాన్ని ఎక్కించుకుపోతుంది.

"దీనికి ఎంత తెరో చూశారా? ఏం నడుస్తోందో ఆ చివర బల్ల వాళ్లక్కూడా కనిపిస్తుంది," అన్నాడు ఫౌస్తో.

"పాట వినడానికి చెవులు చాలు. తెరెందుకు?"

"పాతదాంట్లో ఏముందని అంత మమకారం?"

"నా వేళ్లకి అది అలవాటు. కొత్తదాని మెట్లు బరువు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అని నవ్వాడు ఫౌస్తో. "చేతకాదంటే చెప్పేయండి. సంగీతం చదువుకునే పిల్ల ఒకత్తి రెడీగా ఉంది. వచ్చే ఆదివారమే వస్తానంది."

ఈ ముక్కాలిపీట పోతే మాస్టారికేం మిగులుతుంది? వీధిలో ఆయన్ని మాస్టారూ అని పిలిచేది ఈ పియానోని చూసే. అది పోయిన మర్నాడు ఆయన అద్దెగదిలో ఉండే ఒక ముసలాడు, అంతే.

ఒంటిగంటకి బల్లలన్నీ నిండాయి. మాస్టారు పాత పియానో మీద పరిచిన లేసుగుడ్డ సర్దుకుని కూర్చున్నాడు. వేళ్లు మెట్ల మీద కదిలాయి. పాట హాలంతా పరుచుకుంది. కిటికీ పక్క బల్ల దగ్గర రిటైరైన ఓడ సరంగు కళ్లు మూసుకుని, పక్కాయనతో అన్నాడు.

"ప్రతి ఆదివారం వింటాను. వెంట్రుకవాసి తేడా ఉండదు. సాధన అంటే అదీ!"

పాటల మధ్యలో మాస్టారికి భోజనం వచ్చింది. మూడేళ్లుగా ఆయన కంచంలో మాంసం ఎముక తీసి, చిన్న ముక్కలుగా కోసి వస్తోంది. ఆయన అడిగిందీ లేదు, సోయ్‌లమ్మ చెప్పిందీ లేదు. ముసలి పళ్ల బాధ తెలిసిన ఇల్లాలు అనుకున్నాడాయన. ఇవాళ కంచం ముట్టకుండా పక్కకి జరిపేశాడు.

మూడున్నరకి ఫౌస్తో హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

"అయ్యా, అమ్మా! ఇప్పుడు మాస్టారు ఇదే పాట కొత్త పియానో మీద వాయిస్తారు. ఏది బాగుందో మీరే తేల్చాలి."

జనం ఈలలు వేశారు. సరంగు అయితే బల్ల మీద దరువు మొదలెట్టాడు. తప్పించుకునే దారి లేదు. మాస్టారు లేచి ఆరడుగులు నడిచి కొత్తదాని ముందు కూర్చున్నాడు. తెర వెలిగింది. కుడిచెయ్యి మెట్ల దగ్గరికి వెళ్లింది. ఎడంచెయ్యి ఒళ్లోనే ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు.

"కానివ్వండి మాస్టారూ, నాలుగవుతోంది!"

"ఆగండి!"

వంటింటి గుమ్మంలో సోయ్‌లమ్మ, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మసిగుడ్డతో నిలబడి ఉంది.

"లేవండి అబ్దోన్ గారూ. తేలిపోయింది. ఒరేయ్ ఫౌస్తో, వ్యానువాడికి చెప్పు, కొత్తది పట్టుకుపొమ్మని."

"అత్తా! వినకుండానే?"

"ఈ హోటల్ నాది. నేను విన్నది చాలు."

ఫౌస్తో మొహం మాడ్చుకున్నాడు. నాలుగింటికి వ్యాను వచ్చింది, కొత్త పియానో నిగనిగలతో సహా వెళ్లిపోయింది. జనం చెయ్యి కడుక్కుని ఒక్కొక్కరే కదిలారు. మాస్టారు పాత పియానో పక్కనే కూలబడి ఉన్నాడు. సోయ్‌లమ్మ కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"నా మీద జాలిపడ్డారా అమ్మా?"

"జాలా? నాకు వ్యాపారం తెలీదనుకున్నారా? ఇందాక షాపువాడికి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగాను. అది కుదరదన్నాడు. అయితే నీ పియానో నాకొద్దన్నాను."

"ఏమడిగారు?"

సోయ్‌లమ్మ ఒకసారి వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది.

"మీ ఎడంచెయ్యి బాగున్నప్పుడు ఇందులో రికార్డు చేసుకున్న పాటలు కొత్తదాంట్లోకి ఎక్కుతాయా అని."