మూడో మగ్గం తేదీ

సూరత్ దగ్గరి పల్సానాలో కరెంటు పోయి మరమగ్గాల కార్ఖానా మూగబోయింది. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్న జమున, ల్యాప్‌టాప్ వెలుగులో, ఒక్కో మగ్గానికి నూలు ఎక్కించిన తేదీకి ఇరవై రోజులు కలిపి, అది ఎప్పుడు అయిపోతుందో చూస్తోంది. రెండింటికి సరిగ్గానే వచ్చింది. మూడోదానికి మాత్రం ఎన్ని రోజులు కలిపినా ఈ రాత్రి తేదీయే వస్తోంది. తప్పు తనదేననుకుని కోడ్ మళ్లీ రాసింది. మళ్లీ అదే తేదీ.

“కాకా, గిదేందో జర చూడు.”

మేస్త్రీ లింగమూర్తి తెర చూసి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

“నిరుడు గీడ పనిచేసిన సుమన్‌గాన్ని మింగిన సాంచ, గా మూడో మగ్గమే. దాని జోలికి పోకని చెప్తే ఇన్నవా? ఇగ నువ్వే అనుభవించు.”

కరెంటు లేని మూడో మగ్గం టక్‌మని ఒక్కసారి కొట్టుకుంది.

జమున తలుపు దగ్గరికి పరుగెత్తింది. అవతల లింగమూర్తి గడియ పెట్టేశాడు.